డివైడ్ టాక్ వచ్చిన సినిమాకు ఫెస్టివల్‌లో మన కళ్ళతో మనమే చూడడానికి ఎలా వెళ్ళాలి

నల్లగొండ గడియారం సెంటర్‌లో శుక్రవారం మధ్యాహ్నానికల్లా సినిమా జాతకం తేలిపోతుంది. మార్నింగ్ షో ఇంటర్వెల్‌లోనే ఫోన్లు మొదలవుతాయి. "ఫస్టాఫ్ ఓకే అంట, సెకండాఫ్ పోయిందంట." సాయంత్రానికి ఇంకొకరు "లే అన్నా, మస్తుందంట" అంటారు. టికెట్ కొనకముందే ఈ 'అంట'లన్నీ మన తలలో కూర్చుంటాయి. ఇక మనం చూసేది సినిమాను కాదు, ఎవరి మాట నిజమైందా అని చూస్తుంటాం.

ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో, అంటే చలనచిత్రోత్సవాల్లో వేసే సినిమాల విషయంలో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఎక్కడో ఫ్రాన్స్‌లో చూసినవాళ్ళు ఆహా అంటారు, జర్మనీలో చూసినవాళ్ళు పెదవి విరుస్తారు, ఆ వాదన మన ఫోన్‌లోకి వస్తుంది. సినిమా మాత్రం మన జిల్లాకు రాదు. చూడని సినిమా మీద పోట్లాడుకుంటూ కూర్చునే బదులు మనమే వెళ్ళి చూడొచ్చు. నేను నల్లగొండ నుంచి, నా మిత్రుడు ఒకరు పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి కొన్నేళ్ళుగా అట్లా వెళ్ళి వస్తున్నాం. మేం తప్పులు చేసి నేర్చుకున్నది మీకు నేరుగా అందాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, ఏ ప్రీమియర్ అన్నది తెలుసుకోండి

మన దగ్గర ప్రీమియర్ అంటే విడుదలకు ముందు రాత్రి వేసే షో. హీరో వస్తాడని ఆశ, డప్పులు, తోపులాట. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అలాంటి షో దగ్గరే తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. అలాంటి షోలకు చిన్న పిల్లలను తీసుకుపోవద్దని నేను అందరికీ చెబుతాను. సినిమా రేపు కూడా ఉంటుంది.

ఫెస్టివల్ ప్రీమియర్ వేరు. వరల్డ్ ప్రీమియర్ అంటే ఆ సినిమాను లోకం మొదటిసారి చూడటం. ఇంటర్నేషనల్ ప్రీమియర్ అంటే సొంత దేశం దాటి మొదటిసారి వేయడం. ఏషియా ప్రీమియర్, ఇండియా ప్రీమియర్ అన్న మాటలకు అర్థం పేర్లలోనే ఉంది. ప్రోగ్రాంలో సినిమా పేరు పక్కన ఈ మాట ఉంటుంది, చూసి పెట్టుకోండి. ఎందుకంటే టాక్ ఎంత పాతదో అది చెబుతుంది. బెర్లిన్ ఫెస్టివల్ ఫిబ్రవరిలో, ఫ్రాన్స్‌లోని కాన్ మే నెలలో, వెనిస్ ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్‌లోకి జరుగుతాయి. గోవాలో నవంబర్‌లో మీరు చూసే ఇండియా ప్రీమియర్ అప్పటికే ఆరు నెలలు చర్చల్లో నలిగి వచ్చిన సినిమా కావచ్చు. వరల్డ్ ప్రీమియర్ అయితే హాల్లో మీకంటే ముందు చూసినవాళ్ళు ఎవరూ ఉండరు. టాక్ బరువు లేకుండా చూడాలంటే కనీసం ఒక్క వరల్డ్ ప్రీమియర్ అయినా మీ లిస్టులో పెట్టుకోండి.

దూరం పోకముందు దగ్గర్లో అలవాటు చేసుకోండి

మొదటిసారే గోవా రైలెక్కితే రెండో రోజుకు నీరసం వస్తుంది. పాటల్లేని, ఫైట్లు లేని, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో రెండున్నర గంటల సినిమా చూడడానికి కళ్ళకు, నడుముకు అలవాటు కావాలి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లే. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో డాక్యుమెంటరీలు, చిన్న సినిమాలు వేస్తుంటారు. రవీంద్రభారతి ఆవరణలో పైడి జైరాజ్ పేరుతో ప్రివ్యూ థియేటర్ ఉంది. భాషా సాంస్కృతిక శాఖ 2016లో మొదలుపెట్టిన సినివారం అక్కడే జరిగేది. కుర్ర దర్శకులు తీసిన పొట్టి సినిమాలు వేసి, తర్వాత వాళ్ళతోనే మాట్లాడించేవారు. బయలుదేరే ముందు ఆ వారం ఏముందో కనుక్కుని పొండి.

ఇంట్లో చేయాల్సిన సాధన ఒకటుంది. సబ్‌టైటిల్స్ ఉన్న ఏదో ఒక సినిమాను ఫోన్ పక్కన పడేసి, మధ్యలో ఆపకుండా చూడండి. మొదట్లో కళ్ళు కింది అక్షరాల మీదే ఉండిపోతాయి, మనుషుల ముఖాలు తప్పిపోతాయి. నాలుగైదు సినిమాల తర్వాత ఒక్క చూపులో లైన్ చదివి పైకి రావడం వస్తుంది. ఇంగ్లీషు అంతంత మాత్రమని భయపడొద్దు. ఫెస్టివల్ సినిమాల్లో మాటలు చాలాసార్లు తక్కువే. నాతో వచ్చిన ఒక తమ్ముడు పదో తరగతి ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చాడు. మాకంటే ఎక్కువ విషయాలు పట్టుకున్నాడు కూడా. మేం చదువుతుంటే వాడు చూస్తున్నాడు.

ఎక్కడికి, ఎప్పుడు, ఏ రైలుకు

మనకు అందుబాటులో ఉన్న పెద్దవి రెండు. ఒకటి గోవాలోని పణజిలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 1952లో బొంబాయిలో మొదలై, రకరకాల ఊళ్ళు తిరిగి, 2004 నుంచి గోవాలో స్థిరపడింది. ఈ మధ్య కొన్నేళ్ళుగా నవంబర్ 20 నుంచి 28 వరకు జరుగుతోంది. రెండోది తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నడిపేది. 1996 నుంచి ఉంది. డిసెంబర్ రెండో వారం ప్రాంతంలో మొదలై వారం రోజులు సాగుతుంది. ఇవి కాక చెన్నైలో డిసెంబర్‌లో ఒకటి, బెంగళూరులో ఒకటి ఉన్నాయి. పాలమూరు వాళ్ళకు బెంగళూరు దగ్గర దారి. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ పోయే వందేభారత్ 2023 నుంచి మహబూబ్‌నగర్‌లో ఆగుతోంది.

చాలామంది గమనించని విషయం ఒకటి చెబుతాను. నల్లగొండ స్టేషన్‌లో ఎక్కితే నేరుగా తిరువనంతపురంలో దించే రైలుంది. శబరి ఎక్స్‌ప్రెస్. అయ్యప్ప మాలధారుల రైలని మనకు పేరు తెలుసు, సినిమా కోసం ఎక్కాలన్న ఆలోచనే రాదు. ఈరోజు ఎక్కితే రేపు సాయంత్రానికి దిగుతారు. అయితే డిసెంబర్ మాలల సీజన్. బెర్తులు చాలా ముందే అయిపోతాయి. ఫెస్టివల్ తేదీలు ప్రకటించిన రోజే రిజర్వేషన్ చేయించండి, పాస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పాలమూరు వాళ్ళకు గోవా సులువు. 2024 అక్టోబర్‌లో మొదలైన సికింద్రాబాద్ - వాస్కోడగామా ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా పోతుంది. వారానికి రెండు రోజులే కాబట్టి మీ సెలవులను దానికి తగ్గట్టు సర్దుకోండి. మడ్గావ్‌లో దిగి పణజికి గోవా ప్రభుత్వ కదంబ బస్సు పట్టుకోవాలి. రైళ్ళ వేళలు, నంబర్లు మారుతుంటాయి, టికెట్ తీసే రోజు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

పాస్ తీయడం

దీన్ని డెలిగేట్ పాస్ అంటారు. మనం డెలిగేట్‌లమా అని సంకోచించకండి. సినిమా మీద ఇష్టం ఉన్న మామూలు మనిషికి కూడా ఇచ్చే పాస్ అది. ఫెస్టివల్‌కు నెల, నెలన్నర ముందు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు. ఫొటో, గుర్తింపు కార్డు స్కాన్ చేసి సిద్ధంగా ఉంచుకోండి. తిరువనంతపురంలో 2024లో జీఎస్టీతో కలిపి 1,180 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం తీసుకున్నారు. ఆ డబ్బుతో వారం రోజులు ఎన్ని సినిమాలైనా చూడొచ్చు. మన మల్టీప్లెక్స్‌లో కుటుంబంతో ఒక్కసారి వెళ్ళొచ్చే ఖర్చే అది. నాకు పోయినసారి స్లీపర్ రైలు, పాస్, డార్మిటరీ, తిండి అన్నీ కలిపి ఎనిమిది వేల లోపే అయింది.

తిరువనంతపురంలో తంపానూర్‌లో రైల్వే స్టేషన్ చుట్టుపక్కల బస చూసుకోండి. కైరళి, శ్రీ, నీల థియేటర్లు అక్కడే ఉన్నాయి. ముఖ్య వేదిక టాగోర్ థియేటర్ వళుదక్కాడ్‌లో ఉంది, ఆటోలో పోవచ్చు. రాత్రి ఆఖరి షో అయ్యాక నడిచి గది చేరుకునే దూరంలో ఉంటే మరుసటి పొద్దున తొమ్మిది గంటల షో తప్పదు.

సీటు దొరకడం అసలు పని

పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. నా మొదటి ఏడాది ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. అందరూ మాట్లాడుకుంటున్న సినిమా కోసం మెడలో కార్డు వేసుకుని రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. నా ముందు ఇంకో పదిమంది ఉండగా తలుపులు మూసేశారు. ఏడుపు ఒక్కటే తక్కువ. రైలెక్కి అంత దూరం పోయింది ఆ ఒక్క సినిమా కోసమే.

అట్లా కాకుండా ఉండాలంటే ఇట్లా చేయండి. సీట్లలో ఎక్కువ భాగం ముందు రోజే ఆన్‌లైన్‌లో రిజర్వ్ అవుతాయి. ఆ బుకింగ్ ఏ వేళకు తెరుచుకుంటుందో వెళ్ళిన రోజే కనుక్కుని అలారం పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఎవరి ఫోన్‌లో వాళ్ళు అదే నిమిషంలో కూర్చోవాలి. పేరున్న సినిమా టికెట్లు ఉప్మా ప్లేటు చల్లారేలోపు అయిపోతాయి. దొరకకపోతే ఆశ వదలొద్దు. రిజర్వేషన్ లేనివాళ్ళకు వేరే వరుస ఉంటుంది. బుక్ చేసుకుని రానివాళ్ళ సీట్లు చివర్లో ఆ వరుసకే ఇస్తారు. పెద్ద సినిమాకు గంటన్నర, మామూలు దానికి అరగంట ముందు నిలబడండి. ఆ వరుసలో నిలబడడం కూడా ఫెస్టివల్‌లో భాగమే. ముందు వెనక ఉన్నవాళ్ళను పొద్దున ఏం చూశారని అడగండి. ప్రోగ్రాం పుస్తకంలో నా కంటపడని మంచి సినిమాల కబురు నాకు ఎక్కువగా అక్కడే తెలిసింది. ఇంకో మాట, చాలా సినిమాలను రెండోసారి వేస్తారు. మొదటి షో తప్పితే షెడ్యూల్‌లో రెండో తేదీ వెతకండి.

రోజుకు ఐదు షోలు ఉంటాయని ఐదూ చూడాలని ఆశపడకండి. మూడు చాలు. నాలుగో సినిమాలో మీరు నిద్రపోతే అది దర్శకుడి తప్పు అనుకుంటారు. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, ఒక తువ్వాలో శాలువానో సంచిలో పెట్టుకోండి. సకినాలు, పల్లీపట్టీలు ఇంటి నుంచి తీసుకుపోండి. రెండు షోల మధ్య అన్నం తినే టైం దొరకదు.

టాక్‌ను ఎంతవరకు దగ్గరికి రానివ్వాలి

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఇది. ఎంచుకోవడానికి కావలసినంత చదవండి, అంతకు మించి వద్దు. దేశం, దర్శకుడు, నిడివి, రెండు లైన్ల కథ. అంతే. రేటింగులు, నక్షత్రాలు, 'ఎన్ని నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారు' అన్న వార్తలు పక్కన పెట్టండి. కాన్‌లో ఆ చప్పట్లను గడియారం పెట్టి లెక్కిస్తారు. కానీ ప్రీమియర్ హాల్లో నటులు, నిర్మాతలు, వాళ్ళ ఇంటివాళ్ళు కూర్చుని ఉంటారు. పెళ్ళి పందిట్లో వంట బాగోలేదని ఎవరూ లేచి అరవరు కదా.

అరిచిన సందర్భాలూ ఉన్నాయి. 1960లో కాన్‌లో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని సినిమా 'లావెంతూరా' వేస్తే జనం గేలి చేశారు. అదే ఫెస్టివల్‌లో దానికి జ్యూరీ ప్రైజ్ వచ్చింది. హాల్లో ఎగతాళి చేసినవాళ్ళు, బహుమతి ఇచ్చినవాళ్ళు చూసింది ఒకటే సినిమా. దగ్గరి ముచ్చట చెప్పాలంటే, పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కు 2024లో కాన్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి దక్కింది. కాన్ ప్రధాన పోటీలో ముప్పై ఏళ్ళ తర్వాత నిలిచిన భారతీయ సినిమా అది. అదే ఏడాది ఆస్కార్‌కు మన దేశం తరఫున వేరే సినిమాను పంపారు. ఎవరు సరి, ఎవరు తప్పు అని ఎన్నో వాదనలు జరిగాయి. సినిమా దేశమంతటా థియేటర్లకు వచ్చింది నవంబర్ 22న. అంటే ఆరు నెలలు మనలో చాలామంది చూడని సినిమా గురించి గట్టిగా మాట్లాడుకున్నాం.

టాక్‌ను నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫెస్టివల్‌లో వేసిన సినిమాను విడుదలకు ముందు దర్శకులు మళ్ళీ కత్తిరించడం మామూలే. మన దేశంలో ఫెస్టివల్ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇస్తారు, థియేటర్ విడుదలకు ఇవ్వరు. అందుకే మే నెలలో ఒకరు "సాగింది" అన్న సినిమా, డిసెంబర్‌లో మీరు చూసిన సినిమా ఒకే నిడివిలో ఉండకపోవచ్చు. ఎవరైనా గట్టిగా తిట్టినా పొగిడినా, ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఎంత నిడివి అని ముందు అడగండి.

సినిమా అయ్యాక మొదటి పది నిమిషాలు

లైట్లు వెలగగానే ఫోన్ తీయొద్దు. పక్కవాళ్ళను "ఎట్లుంది?" అని అడగొద్దు. వాళ్ళు ముఖం చిట్లిస్తే మీ అభిప్రాయం అక్కడికక్కడే వంగిపోతుంది. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. బయట మెట్ల మీద కూర్చుని మూడు సంగతులు రాయండి. కళ్ళు మూసుకుంటే కనిపిస్తున్న దృశ్యం ఏది? మనసు ఎక్కడ సినిమా వదిలి బయటికి పోయింది? అట్లా పోవడానికి కారణం సినిమానా, నా ఆకలా, నిద్రా, అర్థం కాని సబ్‌టైటిలా? మూడోది నిజాయతీగా రాయండి. నా నోట్‌బుక్‌లో మూడో ప్రశ్న కింద 'టిఫిన్ చేయలేదు' అని ఎన్నిసార్లు ఉందో.

బాగుంది, బాగాలేదు అన్న మాట రాయొద్దు. నక్షత్రాలు వేయొద్దు. దాని కోసం రేపు, ఎల్లుండి ఉన్నాయి.

దర్శకుడు వచ్చి ఉంటే ప్రశ్నోత్తరాలు ఉంటాయి. ఉండండి, లేచి పోకండి. ప్రశ్న అడగాలనిపిస్తే ముందు కాగితం మీద రాసుకుని ఒక్క వాక్యంలో అడగండి. మైకు దొరికింది కదా అని తమ అభిప్రాయం ఐదు నిమిషాలు చెప్పేవాళ్ళతో హాలంతా విసిగిపోతుంది. మీ ఇంగ్లీషులో తప్పులుంటే ఉండనివ్వండి. పరదేశం నుంచి వచ్చిన దర్శకుడి ఇంగ్లీషు కూడా చాలాసార్లు మనలాంటిదే. ఒకసారి నేను తడబడుతూ అడిగిన ప్రశ్నకు ఒక దర్శకురాలు అంతే తడబడుతూ జవాబు చెప్పింది. ఆ జవాబు నాకు పూర్తిగా అర్థమైంది.

నచ్చినవాడు, నచ్చనివాడు పక్కపక్కన కూర్చుంటే

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. తిరువనంతపురంలో ఒక కొత్త సినిమా చూశాం. కరువు పడిన ఊరు. ఒక నడివయసు ఆమె నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కెమెరా కదలదు. చాలాసేపు అంతే. వెనక వరుసలో నలుగురు లేచి వెళ్ళిపోయారు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. మా అమ్మ చిన్నప్పటి నీళ్ళ ముచ్చట్లు గుర్తొచ్చాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంగిపోయిన మనుషులను మర్రిగూడ వైపు చూసినవాడిని. ఎదురుచూడడం అంటే ఎంత పొడుగో ఆ సినిమా సరిగ్గా చూపించిందని నాకనిపించింది.

బయటికొచ్చాక నా పాలమూరు మిత్రుడు కోపంగా ఉన్నాడు. "మన కష్టం వాళ్ళకు ఫొటో లెక్క పనికొచ్చింది అన్నా. మా నాయన ముంబైల మట్టి పని చేసి వచ్చిండు. ఆయన ఒక్కనాడు గూడ అట్ల కదలకుండ కూసోలే. నవ్వుతుండె, తిడుతుండె, పేకాట ఆడుతుండె. ఈ సినిమాల ఆమెకు ఒక్క మాట రాదు, ఒక్క నవ్వు రాదు. ఏసీల కూసోని చూసెటోళ్ళకు అయ్యో పాపం అనిపియ్యనీకె తీసిన్రు."

ఆ రాత్రి మేం ఇద్దరం సరిగ్గా అన్నం తినలేదు. నేను వాణ్ణి ఓపిక లేదన్నాను, వాడు నన్ను చప్పట్లకు పడిపోయావన్నాడు. మరునాడు పొద్దున టీ దగ్గర నోట్‌బుక్‌లు మార్చుకున్నాం. వాడు మొదటి ప్రశ్న కింద రాసుకున్న దృశ్యం, నేను రాసుకున్నది ఒకటే. ఖాళీ బిందె మీద ఆమె చెయ్యి. అంటే సినిమా ఇద్దరినీ ఒకే చోట తాకింది, ఇద్దరం రెండు దిక్కులకు పోయాం. అప్పుడు వాడి మాట నేను వినగలిగాను. ఆమె ఒక్కసారి కూడా ఎందుకు నవ్వలేదన్న ప్రశ్న నాకు నిజంగానే రాలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. సినిమా మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే.

అందుకే మీకు చెప్పేది. సినిమా నచ్చని మనిషి ఎదురైతే "నీకు అర్థం కాలేదు" అనొద్దు. "ఎక్కడ లేచిపోవాలనిపించింది?" అని అడగండి. నచ్చిన మనిషినైతే "ఏ దృశ్యం ఇంటిదాకా వచ్చింది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు రేటింగ్‌తో జవాబు చెప్పలేరు. దృశ్యంతోనే చెప్పాలి. దృశ్యం దగ్గరికి వచ్చాక అరుపులు తగ్గుతాయి. "ఫెస్టివల్ సినిమాలన్నీ ఇంతే" అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి, ఎదుటివాళ్ళు అంటే ఏ సినిమా, ఏ సీను అని ఆపండి.

ఇవి మనవి కావు అనుకోకండి

వెళ్దామంటే మా దగ్గర కుర్రవాళ్ళు మొదట అనేది ఇదే, "అవి మనలాంటోళ్ళకు కాదు సార్." తెలంగాణ దొరల పెత్తనం మీద శ్యామ్ బెనెగల్ తీసిన 'నిశాంత్' 1976లోనే కాన్ పోటీలో నిలిచింది. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' చెక్ దేశంలోని కార్లోవీ వారీ ఫెస్టివల్‌లో బహుమతి తెచ్చుకుంది. బి. నర్సింగరావు 'దాసి'కి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో దుస్తులకు అవార్డు అందుకున్న సుదర్శన్ మన మిర్యాలగూడ మనిషి. సినిమా పేరే ఇంటిపేరై దాసి సుదర్శన్ అయ్యారు. మన దొడ్లలో ఆరేసిన చీరల రంగు ఎట్లుంటుందో తెలిసిన మనిషి పనిని దేశం గుర్తించింది. ఆ రంగు సరిగ్గా ఉందో లేదో చెప్పగల ప్రేక్షకులం కూడా మనమే. పల్లె మీద తీసిన ఏ దేశం సినిమా అయినా సరే, ఎద్దుకు తాడు కట్టిన తీరు, పొయ్యి రాజేసిన తీరు అబద్ధంగా ఉంటే ముందు పట్టుకునేది పల్లె నుంచి వెళ్ళినవాళ్ళే. ఆ మాట ఫెస్టివల్ హాల్లో చెప్పేవాళ్ళు తక్కువ. మీరు చెప్పండి.

తిరిగొచ్చాక

ఊళ్ళో అందరూ అడుగుతారు, "ఎట్లున్నయి సినిమాలు?" అని. కథ మొత్తం చెప్పేయకండి, వాళ్ళకూ మొదటిసారి చూసే అవకాశం ఉంచండి. నోట్‌బుక్ తెరిచి ఒక్క దృశ్యం చెప్పండి. వారం గడిచాక ఆ సినిమాల మీద ఇతరులు రాసినవి చదవండి. ముందు మీకు నచ్చిన సినిమాను తిట్టినవాళ్ళవి చదవండి, తర్వాతే మెచ్చుకున్నవాళ్ళవి. అప్పుడు కింద తేదీ వేసి, మీ మాట మారితే మారిందని రాయండి. నావి అట్లా మారినవి చాలానే ఉన్నాయి.

కొన్ని నెలలకు ఆ సినిమాల్లో ఒకటో రెండో హైదరాబాద్‌లో ఏదో ఒక మల్టీప్లెక్స్‌కు వస్తాయి. ఒకటే షో, అదీ పొద్దునో మధ్యాహ్నమో వేస్తారు, వారం కూడా నిలవదు. విడుదల తేదీ ముందే క్యాలెండర్‌లో రాసుకోండి. శుక్రవారమే రెండు టికెట్లు తీయండి. రెండోది ఆ సినిమా నచ్చలేదన్న మిత్రుడికి. బిందె సినిమా వస్తే నేను, నా పాలమూరు మిత్రుడు ఎంజీబీఎస్‌లో కలుసుకోవాలని అనుకున్నాం. ఆమె ఎక్కడైనా నవ్విందేమో ఈసారి ఇద్దరం కలిసి వెతుకుతాం.